మెత్తని బ్రేస్ తయారు చేయాలంటే ఏ కోర్సు చదవాలి?

ప్రశ్న: మేము నెల్లూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. పదమూడో ఏట వెన్నెముక పక్కకు వంగుతోందని డాక్టరుగారు మొండేనికి తొడిగే గట్టి ప్లాస్టిక్ కవచం (బ్రేస్) పెట్టించారు. ఎండాకాలంలో చెమటకు తొంటి దగ్గర చర్మం ఒరుసుకుపోయి, బడి నుంచి రాగానే విప్పేసేది. ఇప్పుడు ఎదుగుదల పూర్తయింది, వంపు కూడా నిలిచిపోయింది. పిల్లలకు ఒరుసుకోని మెత్తని బ్రేస్ తయారు చేస్తానని, అందుకు మెటీరియల్స్ సైన్స్, సాఫ్ట్ రోబోటిక్స్, వైద్యం మూడూ నేర్చుకోవాలని అంటోంది. మావారు కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటున్నారు. ఏ దారి మంచిది?
ఒక తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'బడి నుంచి రాగానే విప్పేసేది' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అప్పట్లో మీరు దాన్ని మొండితనం అనుకుని ఉండవచ్చు కానీ, ఈ రంగంలో పనిచేసేవారిని అన్నిటికన్నా ఎక్కువగా వేధిస్తున్న సమస్య అదే. కౌమార వయసులో వచ్చే వెన్నెముక వంపుపై అమెరికా, కెనడాలలోని 25 ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. బ్రేస్ వాడిన పిల్లల్లో 72 శాతం మందికి, శస్త్రచికిత్స దాకా వెళ్ళే 50 డిగ్రీల వంపు రాకుండానే ఎదుగుదల పూర్తయింది; బ్రేస్ లేకుండా గమనిస్తూ వచ్చిన పిల్లల్లో అది 48 శాతమే. రోజుకు కనీసం 18 గంటలు తొడుక్కోమని చెప్పి, నిజంగా ఎన్ని గంటలు తొడుక్కున్నారో తెలుసుకోవడానికి బ్రేస్ లోపల వేడిని పసిగట్టే చిన్న సెన్సర్ అమర్చారు. సగటున 12.9 గంటలు, అంతకు మించి ఒంటి మీద ఉంచుకున్నవారిలో 90 శాతానికి పైగా మేలు జరిగింది. బ్రేస్ ఎంత చక్కగా కుదిరినా, పిల్ల దాన్ని భరించలేకపోతే చికిత్స ఆగిపోయినట్టే. ఒంటి కొలతకు చేసిన అచ్చు మీద వేడి ప్లాస్టిక్ రేకును పరిచి చేసే ఆ కవచంలోకి గాలి సరిగా ఆడదు. మే నెల చెన్నైలో పదమూడేళ్ళ పిల్ల దాన్ని బనియను మీద తొడుక్కుని బస్సులో నిలబడి వెళ్ళడం ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియదు.

సాఫ్ట్ రోబోటిక్స్, అంటే రబ్బరులాంటి మెత్తని పదార్థాలతో రోబోలు చేసే విద్య, మీవారికి కొత్త మోజులా అనిపించవచ్చు. 1950ల చివర్లో జోసెఫ్ మెకిబెన్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త, పోలియోతో చేతులు చచ్చుబడిన తన కూతురి కోసం ఒక కృత్రిమ కండరాన్ని తయారు చేశారు. రబ్బరు గొట్టానికి జడలా అల్లిన తొడుగు వేసి లోపలికి వాయువు పంపితే, అది లావెక్కుతూ పొట్టిదై, కండరం లాగినట్టే లాగుతుంది. మెత్తని రోబోల ప్రయోగశాలల్లో ఆ కండరం ఇప్పటికీ పనిచేస్తోంది. వెన్నెముక విషయంలో కూడా, కొలంబియా విశ్వవిద్యాలయంలో సునీల్ అగ్రవాల్ బృందం 2018లో ఒంటికి తొడిగే రోబో బ్రేస్‌తో, వంపు ఉన్న పిల్లల మొండెం ఏ దిశలో ఎంత బిగుతుగా ఉందో కొలిచి చూపించింది. అది ఇంకా గట్టి పరికరమే. మీ అమ్మాయి ఊహించే మెత్తని బ్రేస్‌కు చేయవలసిన పని చాలా మిగిలి ఉంది.

అయితే మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దన్న పెద్దల మాట డిగ్రీ చదువుకు బాగా వర్తిస్తుంది. మొదటి నాలుగేళ్ళు పదార్థాల చదువు (మెటీరియల్స్ సైన్స్) మీదే పెట్టమని నా సలహా. కారణం చెబుతాను. ఒక రబ్బరు బ్యాండును మేకుకు తగిలించి, దానికి కొంత బరువు వేలాడదీసి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి స్కేలుతో పొడవు కొలవమనండి. బరువు మారకపోయినా బ్యాండు సాగుతుంది. అదే బ్యాండును సాగిన చోటే బిగించి ఉంచితే, లాగే బలం గంటగంటకూ తగ్గుతుంది. పక్కటెముకల మీద పన్నెండు గంటలకు పైగా ఒకే ఒత్తిడి నిలపవలసిన మెత్తని బ్రేస్‌కు ఇదే చిక్కు. పైగా చెమట, ఉప్పు, రోజూ విప్పి తొడగడం. మోటారును, గాలి పంపును నడిపే ప్రోగ్రామింగ్ తరవాత నేర్చుకోవచ్చు, సాయం చేసేవారూ దొరుకుతారు. రబ్బరు, ప్లాస్టిక్ లాంటి పాలిమర్ ఎందుకు సడలుతుందో అర్థం కావాలంటే మాత్రం పునాది ఉండాలి.

చెన్నైలో ఉండడం ఇందుకు కలిసివచ్చే విషయం. క్రోంపేటలోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రబ్బర్ అండ్ ప్లాస్టిక్స్ టెక్నాలజీ బీటెక్ ఉంది. మన తెలుగువాళ్ళు దాని పేరు వినగానే టైర్ల కంపెనీ చదువని పక్కన పెడతారు కానీ, ఈ పనికి దానికంటే దగ్గరి డిగ్రీ నాకు తోచడం లేదు. ప్రవేశం ప్లస్ టూ మార్కులతో జరిగే తమిళనాడు ఇంజనీరింగ్ ప్రవేశాల (టీఎన్‌ఈఏ) కౌన్సెలింగ్ ద్వారా. ఎనిమిది నుంచి పన్నెండు దాకా తమిళనాడులోనే చదివి ఉంటే స్వస్థలం నెల్లూరు కావడం అడ్డు కాదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ఐఐటీ మద్రాస్‌లో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజనీరింగ్ ఉంది. అక్కడే 2023లో మొదలైన మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజనీరింగ్ బీఎస్ కోర్సుకు ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా సంస్థలు) వారి ఐఏటీ ప్రవేశ పరీక్ష రాయాలి. అది కొత్త కోర్సు కాబట్టి, చేరే ముందు అక్కడి విద్యార్థులతో ఒకసారి మాట్లాడించండి.

డిగ్రీ తరవాత ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయాలి. ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరులో మెటీరియల్స్, పాలిమర్ విభాగాలను ఎంచుకోవచ్చు. 2020 నుంచి బయోమెడికల్ పేపరు విడిగా ఉంది. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజనీరింగ్ ఎంటెక్‌ను నేను ప్రత్యేకంగా సూచిస్తాను, ఎందుకంటే అక్కడ ఇంజనీరు ఆసుపత్రిలోకి వెళ్ళి రోగుల మధ్య నేర్చుకుంటారు. ఐఐటీ మద్రాస్‌లోని టీటీకే పునరావాస పరికరాల కేంద్రం నుంచి 2019లో మనిషిని నిలబెట్టే చక్రాల కుర్చీ 'అరైజ్', 2022లో కృత్రిమ మోకాలు 'కదం' బయటికి వచ్చాయి. ప్రయోగశాలలోని ఆలోచన మనుషుల చేతికి అందడం చూడాలంటే ఊరు దాటనక్కరలేదు.

పరిశోధన కంటే పిల్లలకు నేరుగా బ్రేస్ అమర్చడమే ఆమెకు ఇష్టమైతే, ముట్టుకాడులోని జాతీయ బహుళ వైకల్య సంస్థలో ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ (కృత్రిమ అవయవాలు, బ్రేస్‌లు తయారు చేసి అమర్చే విద్య) డిగ్రీ ఉంది. అది నాలుగున్నర ఏళ్ళ చదువు.

డబ్బు విషయంలో మీకు అరచేతిలో వైకుంఠం చూపించలేను. కంప్యూటర్ సైన్స్ చదివిన స్నేహితులు ఇరవై రెండేళ్ళకు జీతం తెచ్చుకుంటున్నప్పుడు మీ అమ్మాయి ఇంకా చదువుతూనే ఉంటుంది. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తరవాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మీవారి ఆందోళనలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. ఇంటి పరిస్థితికి ఇన్నేళ్ళ చదువు భారం కాదా అన్నది మీ ఇద్దరూ అంకెలతో కూర్చుని తేల్చుకోవాలి. బీటెక్ తరవాత రబ్బరు, వైద్య పరికరాల పరిశ్రమల్లో ఉద్యోగం చేసి, రెండు మూడేళ్ళ తరవాత పరిశోధనకు రావడం కూడా గౌరవమైన దారే.

చివరిగా ఒక మాట అడుగుతాను. ఈ ఉత్తరం రాసినట్టు మీ అమ్మాయికి తెలుసా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను పరిశోధనలో చేర్చుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, ఆ పిల్లల రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోవాలి. రేపు ఆమె వేరే పిల్లల దగ్గర తీసుకోవలసిన సమ్మతి అది. అందుకే ఈ జవాబును ముందు ఆమెనే చదవనివ్వండి. తనకు కలిగిన బాధను రోజూ తడుముతూ ఏళ్ళ తరబడి పనిచేయగలనా అన్న ప్రశ్నకు ఆమె తానుగా జవాబు చెప్పాలి. పాత బ్రేస్ అటక మీద ఉంటే దింపించండి. లోపలి స్పాంజి ఎక్కడ అణిగిపోయిందో, ఏ పట్టీ ముందుగా వదులైందో, తొంటి దగ్గర అంచు ఎక్కడ కోసిందో చూసి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాయమనండి.