ముందుకు వచ్చేటప్పుడు తొందరపడకండి

రోయింగ్ మెషీన్ మీద రోజూ చెమటోడుస్తున్నా 500 మీటర్ల టైమ్ తగ్గడం లేదు, పైగా నడుం పట్టేస్తోంది, టెక్నిక్ ఎలా మెరుగుపరచుకోవాలి అని అడిగారు. లాగడం గురించి అందరూ చెప్తారు. నేను మాత్రం లాగాక మళ్లీ ముందుకు వచ్చే ఆ రెండు సెకన్ల గురించే చెప్తాను. అది కుదిరితే లాగడం దానంతటదే దారిలో పడుతుంది.

పోయిన వేసవిలో మా మేనల్లుడు వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, కండబలానికి లోటు లేదు. మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో మెషీన్ ఎక్కి, ఫ్యాన్ పక్కనున్న మీటను 10కి నెట్టి, నిమిషానికి 34 సార్లు లాగుతున్నాడు. పక్కన నిలబడి చూశాను. కాళ్లతో తన్నగానే సీటు వెనక్కి పోతోంది, హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉంటోంది. కాళ్లు పూర్తిగా చాపేశాక అప్పుడు నడుంతో లాక్కుంటున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతులు చాచకముందే మోకాళ్లు ముడుస్తున్నాడు. దాంతో హ్యాండిల్‌ను మోకాళ్ల మీదుగా ఎత్తి దాటించాల్సి వస్తోంది, గొలుసు పైకీ కిందికీ ఊగిపోతోంది.

“ఒరేయ్, ఆ గొలుసు చూడు. అది నేలకు సమానంగా, ఒకే ఎత్తులో పోవాలి. నిమిషానికి 20కి తగ్గించు” అన్నాను.

“స్పీడ్ తగ్గిస్తే టైమ్ ఇంకా దిగజారుతుంది కదా మామయ్యా?”

“ముందు తగ్గించు, తర్వాత మాట్లాడదాం.”

లాగడం అయ్యాక ముందు చేతులు చాచమన్నాను. తర్వాత తుంటి దగ్గర నుంచి ముందుకు వంగి, మోకాళ్లు ఇంకా చాపే ఉండగా ఒక్క క్షణం ఆగమన్నాను. ఆ తర్వాతే మోకాళ్లు ముడుస్తూ సీటును నెమ్మదిగా ముందుకు తేవాలి. నిమిషానికి 20 అంటే ఒక్కో స్ట్రోక్‌కి 3 సెకన్లు. అందులో లాగడానికి ఒకటి చాలు, తిరిగి రావడానికి రెండు ఇవ్వాలి. అలా వస్తే కాళ్లు, నడుం, చేతులు అన్న వరసలో లాగడానికి ఒళ్లు ముందే సిద్ధమై ఉంటుంది. తర్వాత పాదాల పట్టీలు కూడా విప్పించాను. పట్టీ లేకపోతే చివర్లో మరీ వెనక్కి వాలడం కుదరదు, పాదం లేచిపోయి వెంటనే తెలిసిపోతుంది. వారం తిరక్కుండానే 34 దగ్గర వచ్చిన టైమే వాడికి 22 దగ్గర వచ్చింది. నడుం నొప్పి మాటే మళ్లీ ఎత్తలేదు.

కాలేజీలో నేవల్ ఎన్‌సీసీలో బోట్ పుల్లింగ్, అంటే తెడ్లతో పడవ లాగడం, చేశాను. ఆ పడవల్లో కూర్చునే బల్ల కదలదు కాబట్టి భారం ఎక్కువగా నడుం మీదా, చేతుల మీదా పడుతుంది. ఈ మెషీన్‌కి కదిలే సీటు పెట్టిందే కాళ్లు పనిచేయడానికి. అయినా జిమ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది బల్ల మీద కూర్చున్నట్టే నడుంతో లాగుతారు.

ఇక ఆ 10 సంగతి. “మీట 10లో పెట్టండి సార్, అప్పుడే అసలు వర్కవుట్” అని చెప్పే ట్రైనర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మీట సైకిల్ గేరు లాంటిది. ఫ్యాన్‌లోకి ఎంత గాలి వెళ్లాలో అది నిర్ణయిస్తుంది, కష్టం మాత్రం మీరు తన్నే తన్నులోంచే రావాలి. మామూలు వాళ్లకి 3 నుంచి 5 మధ్య చాలు. అది కూడా ఏ రెండు మెషీన్ల మీదా ఒకేలా ఉండదు, ఎందుకంటే ఫ్యాన్ జాలీలో దుమ్ము పేరుకుంటే గాలి తగ్గిపోతుంది. మీది కాన్సెప్ట్2 కంపెనీ మెషీన్ అయితే మానిటర్ మెనూలో డ్రాగ్ ఫ్యాక్టర్, అంటే ఫ్యాన్‌కి గాలి నిజంగా ఎంత అడ్డుపడుతోందో చెప్పే అంకె, కనిపిస్తుంది. అది 110 నుంచి 130 మధ్య ఉండేలా మీట జరుపుకోండి. మన జిమ్‌లలో ట్రెడ్‌మిల్‌ను రోజూ తుడుస్తారు, రోయింగ్ మెషీన్‌ను మాత్రం మూలకి నెట్టేసి గొలుసుకి చుక్క నూనె కూడా వేయరు. నెలకి వేలకు వేలు ఫీజు కట్టేవాళ్లు ఇది గట్టిగా అడగాలి.

మీరైతే మీట 4 దగ్గర పెట్టి, నిమిషానికి 20 దాటకుండా, పక్క నుంచి ఎవరినైనా ఒక్క నిమిషం వీడియో తీయమనండి. కాళ్లతో తన్నేటప్పుడు సీటు, హ్యాండిల్ ఒకేసారి కదులుతున్నాయో లేదో, వచ్చేటప్పుడు హ్యాండిల్ మోకాళ్లు దాటాకే అవి ముడుచుకుంటున్నాయో లేదో చూడండి. ఈ రెండూ కుదిరేదాకా టైమ్ వైపు చూడకండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే మెషీన్ ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి.