స్క్రీనింగ్‌లో రిస్క్ ఎక్కువని వస్తే ఉమ్మనీటి పరీక్ష తప్పనిసరా?

తప్పనిసరి కాదు, బిడ్డ పుట్టకముందే కచ్చితంగా తెలుసుకోవడం మీకు ఎంత అవసరమో చూసుకుని, డాక్టరుతో మాట్లాడి మీరే నిర్ణయించుకోవచ్చు. స్క్రీనింగ్ రక్తపరీక్ష, క్రోమోజోముల్లో తేడా వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్ లాంటి సమస్య బిడ్డకు ఉండే అవకాశం ఎంతో మాత్రమే చెబుతుంది. ఉమ్మనీటి పరీక్షలో, అంటే ఆమ్నియోసెంటెసిస్‌లో, సాధారణంగా 15 వారాలు నిండాక సన్నని సూదితో ఉమ్మనీరు తీసి, అందులోని బిడ్డ కణాల్లో క్రోమోజోములను నేరుగా చూస్తారు. అందుకే డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నాయో లేవో దాదాపు కచ్చితంగా తేలుతుంది. గర్భస్రావం ముప్పు ఉంది, కానీ ఒక శాతం లోపే.

రిపోర్టులో 1:100 అని ఉందనుకోండి. అలాంటి ఫలితం వచ్చిన వందమందిలో సుమారు 99 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. చాలామంది రిస్క్ ఎక్కువని చెప్పే ‘పాజిటివ్’ అన్న మాట చూడగానే బిడ్డకు జబ్బు ఉన్నట్టే అనుకుని టెన్షన్ పడిపోతారు. అది పొరపాటు, ఆ ఒక్క మాటకే నిద్ర మానుకోనక్కర్లేదు. ఇక ఉమ్మనీటి పరీక్ష నార్మల్ వచ్చినా, అన్ని రకాల లోపాలనూ అది పట్టుకోలేదు.