బ్యాండ్ మిగలని ఆల్బమ్ గురించి రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

హెవీ మెటల్‌లో కర్కశమైన శాఖ అయిన బ్లాక్ మెటల్ వాయించే నార్వే బ్యాండ్ మేహెమ్ ఆల్బమ్ 'డి మిస్టీరిస్ డోమ్ సాథనాస్' మీద నువ్వు రాసిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ఆ సంగీతమంటే నీకు ప్రాణమని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగింది. "1994లో మేహెమ్ సభ్యులంతా కలిసి చేసిన తొలి ఆల్బమ్" అన్నావు. అందులో 'తొలి ఆల్బమ్' అన్న మాట ఒక్కటే నిలుస్తుంది. చేసింది 1994లో కాదు. అంతా కలిసీ కాదు.

1994 మేలో ఆ డిస్క్ బయటికి వచ్చిననాటి సంగతి చూడు. గిటారు వాయించిన యూరోనిమస్ హత్యకు గురై తొమ్మిది నెలలైంది. ఆ హత్య చేసిన వర్గ్ వికెర్నెస్ జైల్లో ఉన్నాడు. ఆల్బమ్‌లో బేస్ గిటారు వాయించింది అతనే. రెండో గిటారిస్టుగా చేరి పాటల్లో చెయ్యి వేసిన స్నోర్రె రుక్‌కు కూడా ఆ నేరంలో సహకరించినందుకు 8 ఏళ్ల శిక్ష పడింది. చాలా పాటలకు మాటలు రాసిన అంతకుముందు గాయకుడు, డెడ్ అన్న వేదిక పేరున్నవాడు, 1991 ఏప్రిల్‌లోనే చనిపోయాడు. పాడిన అట్టిలా హంగేరీ నుంచి వచ్చిన మనిషి. ఇక మిగిలింది డ్రమ్మర్ హెల్‌హ్యామర్. ఆల్బమ్ ఉంది, దాన్ని వేదిక మీద వాయించడానికి బ్యాండ్ లేదు. నీ వ్యాసమంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరగాలని నా కోరిక. లైనప్ మార్పుల్ని, అంటే బ్యాండ్‌లో మనుషులు మారిన తీరును, చివర్లో ఒక జాబితాగా అతికించావు. అవి తోక కాదు, వెన్నెముక.

అందుకని రాయడానికి ముందు ఒక పట్టిక వేసుకో. పెద్ద కాగితం అడ్డంగా పెట్టి, ఎడమవైపు ఎనిమిది పాటల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయి. వాటికి ఎదురుగా ఐదు గడులు: బాణీ కట్టింది ఎవరు, మాటలు ఎవరివి, రికార్డింగ్‌లో వాయించింది ఎవరు, పాడింది ఎవరు, అంతకుముందు ఈ పాట ఎక్కడైనా వినిపించిందా. ఐదో గడి చాలామంది వదిలేస్తారు. ఈ ఆల్బమ్‌కు అసలు తాళంచెవి అదే. రూఢిగా తెలియని గడిని ఖాళీగా ఉంచు. ఊహతో నింపావంటే ఆ ఊహ మూడు రోజుల్లో నీకే నిజంలా కనిపించడం మొదలవుతుంది.

లైనప్‌ను తేదీల దండగా చెప్పకు. "1984లో ఏర్పడింది, 1988లో మారింది, 1991లో మారింది" అని వరసపెడితే పాఠకుడికి ఏదీ గుర్తుండదు. ఒక మనిషి వచ్చాక చెవికి ఏం తేడా తెలిసిందో చెప్పు, తేదీ దానంతట అదే గుర్తుంటుంది. 1984లో ఓస్లో పరిసరాల్లో బ్యాండ్ పెట్టినవాళ్లు ముగ్గురు: గిటారు యూరోనిమస్, బేస్ నెక్రోబుచర్, డ్రమ్స్ మన్‌హైమ్. వీళ్లు మేనియాక్, మెస్సయ్య అనే గాయకులతో 1987లో 'డెత్‌క్రష్' తెచ్చారు. తొలి ముద్రణ 1000 ప్రతులు. అది ఈపీ, అంటే కొద్ది పాటల చిన్న రికార్డు, ఆల్బమ్ కాదు. అంటే బ్యాండ్ పుట్టిన పదేళ్లకు గానీ పూర్తి నిడివి స్టూడియో ఆల్బమ్ రాలేదు. ఈ పదేళ్ల ఆలస్యాన్ని నువ్వు ఎక్కడా పట్టించుకోలేదు. అక్కడ ఒక పేరా పెట్టు.

1988లో డ్రమ్స్ మీదికి హెల్‌హ్యామర్, మైకు ముందుకు స్వీడన్ నుంచి డెడ్ వచ్చారు. బ్యాండ్ శబ్దం మారింది అక్కడే. అంతకుముందుది మోటుగా, తోసుకుంటూ పోయే వాయింపు. హెల్‌హ్యామర్ వచ్చాక వేగానికి నిలకడ వచ్చింది. రెండు కాళ్లూ కిక్ డ్రమ్ మీద సమానంగా పడతాయి, చేతులు ఎంత వేగంగా కదిలినా లయ జారదు. దాంతో యూరోనిమస్‌కు ఒక సౌకర్యం దొరికింది. కింద డ్రమ్స్ ఉరుకుతున్నా పైన గిటారు వరసను నెమ్మదిగా, సాగదీసి నడపగలిగాడు. నార్వే బ్లాక్ మెటల్‌లో మనల్ని పట్టి లాగే ఆ చల్లదనం ఈ రెండు వేగాల మధ్య ఉన్న ఎడంలోంచి పుట్టిందని నా నమ్మకం. నువ్వు దీన్ని "ప్రళయ తాండవం" అని ఒక్క మాటలో తేల్చేశావు. ఇలాంటి మాటలు ఏ మెటల్ బ్యాండ్‌కైనా అతుకుతాయి. చెయ్యి ఏం చేస్తోందో చెప్పు. మాండలిన్ మీటినట్టు ఒకే స్వరాన్ని పైకీ కిందకీ ఆపకుండా మీటడాన్ని ట్రెమొలో పికింగ్ అంటారని ఒక్కసారి వివరించు. ఆ తర్వాత ఎన్నిసార్లు వాడినా పాఠకుడు నీతో నడుస్తాడు.

కొన్నాళ్లు ఉండి వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. కిట్టిల్ కిట్టిల్సెన్, టోర్బెన్ గ్రూ, డెడ్ తర్వాత కొద్దికాలం ఆకల్టస్. ఈ ఆల్బమ్ శబ్దంలో వాళ్ల జాడ లేనప్పుడు పేర్లతో పేరాను బరువెక్కించవద్దు.

ఇప్పుడు ఐదో గడికి వద్దాం. 1990 నవంబర్ 26న లైప్జిగ్‌లో మేహెమ్ ఇచ్చిన కచేరీ రికార్డు అయింది, 1993లో విడుదలైంది. అందులో ఈ ఆల్బమ్ పాటలు నాలుగున్నాయి: 'ఫ్యూనరల్ ఫాగ్', 'ఫ్రీజింగ్ మూన్', 'బరీడ్ బై టైమ్ అండ్ డస్ట్', 'పేగన్ ఫియర్స్'. అంటే ఎనిమిదింట్లో సగం, డెడ్ బతికి ఉన్నప్పుడే, నెక్రోబుచర్ బేస్‌తో, జనం ముందు పాడినవి. (నీ ప్రతిలో ఆ కచేరీ 'తూర్పు జర్మనీ'లో జరిగిందని ఉంది. అప్పటికి రెండు జర్మనీలు కలిసి దాదాపు ఎనిమిది వారాలైంది. దిద్దుకో.) ఇవి కాక 'ఫ్రీజింగ్ మూన్' డెడ్ గొంతుతో స్టూడియోలో రికార్డయి 1991లో ఒక సంకలనంలో వచ్చింది. కాబట్టి ఆ ఒక్క పాటకే నీ చేతిలో మూడు రూపాలున్నాయి. వ్యాసం మధ్యలో కనీసం 400 మాటలు ఈ మూడింటికీ కేటాయించు. ఎనిమిది పాటలకూ తలా రెండు వాక్యాలు పంచిపెట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

వినే పద్ధతి కూడా చెబుతాను. ఆల్బమ్ నిడివి సుమారు 46 నిమిషాలు. మొదటిసారి కాగితం లేకుండా విను. రెండోసారి మంచి హెడ్‌ఫోన్‌తో బేస్ ఒక్కదాని వెంటే పో. మూడోసారి లైప్జిగ్ రికార్డు పక్కన పెట్టుకుని ఆ నాలుగు పాటల్నే జతలు జతలుగా విను. వింటూ సెకన్లు రాసుకో: ఎక్కడ వేగం మారింది, గొంతు ఎక్కడ ప్రవేశించింది, గిటారు ఒంటరిగా ఎక్కడ మిగిలింది. ఫోన్ స్పీకర్లో వింటే ఈ పని జరగదు. బేస్ పూర్తిగా మాయమైపోతుంది, "ఈ ఆల్బమ్‌లో బేస్ లేదు" అని రాసేస్తావు. అలా రాసినవాళ్లు ఇప్పటికే ఎక్కువ.

ఆ బేస్ కథను మాత్రం తొందరపడకుండా రాయి. 1991లో డెడ్ మరణం తర్వాత యూరోనిమస్ ప్రవర్తించిన తీరు సహించలేక నెక్రోబుచర్ బయటికి వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి రికార్డింగ్ సమయానికి వికెర్నెస్ వచ్చాడు. యూరోనిమస్ చనిపోయాక, కొడుకును చంపినవాడి వాయింపు ఆ డిస్క్ మీద ఉండకూడదని అతని తల్లిదండ్రులు అడిగారు. హెల్‌హ్యామర్ సరేనన్నాడు. కానీ తనకు బేస్ వాయించడం రాదు కాబట్టి ఆ భాగాన్ని అలాగే ఉంచేశానని తర్వాత తనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 'లైఫ్ ఎటర్నల్' దగ్గర చెవి ఒగ్గి విను, దాని కదలిక దొరుకుతుంది. ఇక్కడ "హంతకుడూ హతుడూ ఒకే పాటలో" అంటూ పులకరించిపోయే వాక్యం రాయాలనిపిస్తుంది. రాయకు. ఒక తల్లీ తండ్రీ చేసిన విన్నపం నెరవేరలేదన్నది అక్కడ అసలు విషయం. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పి, పాఠకుణ్ణి కాసేపు అక్కడే ఉండనివ్వు.

స్టూడియో గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. బెర్గెన్‌లో గ్రీగ్‌హాలెన్ అనే పెద్ద కచేరీ భవనం ఉంది. ఆ ఊరి ఫిల్హార్మోనిక్ వాద్యబృందానికి అదే నెలవు. ఆ భవనంలోని స్టూడియోలో పిట్టెన్‌గా పేరుపడ్డ ఐరిక్ హుంద్విన్ ఈ రికార్డింగ్ నడిపించాడు. బుర్జుమ్, ఎంపరర్ అనే ఇతర నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ల రికార్డులు కూడా ఆయన అక్కడ చేసినవే. 'బ్లాక్ మెటల్ అంటే గ్యారేజీలో టేప్ రికార్డర్ పెట్టి చేసిన గరగర' అని నువ్వన్న మాట ఈ ఆల్బమ్‌కు అస్సలు పొసగదు. 'ఫ్యూనరల్ ఫాగ్' మొదటి పది సెకన్లు చాలు. డ్రమ్స్ దెబ్బ చుట్టూ పెద్ద గది గాలి ఉంటుంది, గిటారు పొరలు పొరలుగా పేరుకుంటుంది, అయినా ఏ దెబ్బకా దెబ్బ విడిగా తెలుస్తుంది. ఆ స్పష్టత అనుకోకుండా వచ్చింది కాదు.

ఇక అట్టిలా. హంగేరీ బ్యాండ్ టోర్మెంటర్‌లో పాడినవాడు. వాద్యాల పని అయ్యాక వచ్చి, మరొకరి గొంతు కోసం రాసిన మాటల్ని పాడాడు. మన సినిమా పాటల్లో ట్రాక్ ఒకరు పాడితే తర్వాత అసలు గాయకుడు వచ్చి ఆ దారిలోనే పాడడం పాఠకులకు తెలుసు. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా తిరగేసి. డెడ్ వేసిన దారి లైప్జిగ్ రికార్డులో స్పష్టంగా ఉన్నా అట్టిలా దాన్ని తొక్కలేదు. డెడ్‌ది ఒళ్లంతా చీల్చుకొచ్చే అరుపు. అట్టిలా గొంతు అడుగు నుంచి లేస్తుంది, అచ్చుల్ని సాగదీస్తుంది, ముక్కులోకి జారుతుంది. చివరి పాటలోనైతే చర్చిలో పాడే లాటిన్ ప్రార్థన వక్రించినట్టు ఉంటుంది. అప్పట్లో ఇది చాలామందికి నచ్చలేదు. నువ్వు కూడా "డెడ్ పాడి ఉంటే ఇంకెంత బాగుండేదో" అన్నావు. అది నీ అభిప్రాయం, ఉండనీ. కానీ నా తీర్పు వేరు. అట్టిలా డెడ్‌ను అనుకరించి ఉంటే ఈ ఆల్బమ్ ఒక సంతాప సభ అయ్యేది. డెడ్ అసంపూర్తిగా వదిలిన మాటల్ని స్నోర్రె రుక్ సర్దాడనీ, కొన్ని రిఫ్‌లు (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటారు వరసలు) కూడా ఇచ్చాడనీ మర్చిపోకుండా చేర్చు. అతని పేరు నీ ప్రతిలో నేరం దగ్గర మాత్రమే వచ్చింది. నేరం రాయి, పని కూడా రాయి.

నేరం ఎలా రాయాలో చెబుతాను. 1993 ఆగస్టు 10, ఓస్లో. వికెర్నెస్ యూరోనిమస్‌ను పొడిచి చంపాడు. ఆత్మరక్షణ అన్నాడు, కోర్టు ఒప్పుకోలేదు. హత్యకూ చర్చిలు తగలబెట్టిన నేరాలకూ కలిపి 1994 మేలో 21 ఏళ్ల శిక్ష వేసింది. నార్వేలో అప్పటికి అదే గరిష్ఠం. నాలుగు వాక్యాలు, చాలు. గాయాల లెక్క, గదుల వర్ణన వద్దు. ఈ బ్యాండ్ కథ మీద వచ్చిన సినిమాలోని సంభాషణల్ని సాక్ష్యంగా వాడనే వద్దు. కవర్ మీదున్నది ట్రోండ్‌హైమ్‌లోని నిదారోస్ కేథడ్రల్ అని రాసి ఆగు. దాని చుట్టూ అల్లిన పుకార్లకు నీ వ్యాసంలో చోటు ఇవ్వకు.

డెడ్ మరణం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అతను ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి వయసు 22. ఎలా అన్నది రాయనక్కర్లేదు. ఆ మరణ దృశ్యం ఫొటోను ఒక దొంగ డిస్క్ కవర్‌గా వాడారు. ఆ డిస్క్ పేరు కూడా నీ వ్యాసంలోంచి తీసెయ్. 'శాపగ్రస్త కవి' లాంటి బిరుదులూ తీసెయ్. నిన్ను చదివేవాళ్లలో ఇరవై దాటని పిల్లలుంటారు. ఆ పేరా కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబర్ 14416 ఇవ్వు. తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారని కూడా రాయి.

పేర్ల సంగతి. వేదిక పేరూ అసలు పేరూ మొదటిసారి వచ్చినప్పుడు కలిపి ఇవ్వు, తర్వాత వేదిక పేరు ఒక్కటే వాడు. యూరోనిమస్ అసలు పేరు ఓయ్‌స్టైన్ ఓర్‌సెట్. నువ్వు రాసిన 'ఆర్సెత్' ఇంగ్లిషు అక్షరాల్ని చదివిన పలుకు, ఆ మొదటి శబ్దం 'ఓ'. అలాగే అట్టిలా ఇంటిపేరు 'సిహార్' కాదు, చిహార్; హంగేరియన్‌లో ఆ జంట అక్షరాలు 'చ' పలుకుతాయి. డెడ్ అంటే పెర్ ఇంగ్వె ఓలిన్. ఈ ఒక్క పేరు దగ్గర మన వాక్యం తడబడుతుంది. "డెడ్ మరణించాడు" అని రాస్తే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆ చోట ఓలిన్ అను.

ముగింపులో నువ్వు రాసిన "ఈ ఆల్బమ్ ఎప్పటికీ అజరామరం" కొట్టేశాను. దాని బదులు ఒక ఘట్టం ఉంది. 1995లో హెల్‌హ్యామర్, నెక్రోబుచర్, మేనియాక్‌లు కొత్త గిటారిస్టు బ్లాస్ఫెమర్‌తో బ్యాండ్‌ను మళ్లీ నిలబెట్టారు. 2004లో మేనియాక్ వెళ్లాక అట్టిలా తిరిగొచ్చాడు. 2008లో బ్లాస్ఫెమర్ కూడా వెళ్లిపోయాడు. 2015 డిసెంబర్‌లో స్వీడన్‌లోని నార్షోపింగ్‌లో ఈ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా వేదిక మీద వాయించారు. ఆ రికార్డు మరుసటి ఏడాది వచ్చింది. ఒక్క యూరోనిమస్ గిటారు చోట ఇద్దరు నిలబడ్డారు, టెలోక్, ఘూల్. బేస్ పట్టుకున్నది నెక్రోబుచర్. లైప్జిగ్‌లో ఆ పాటలు వాయించి, ఆల్బమ్‌కు ముందే వెళ్లిపోయి, పాతికేళ్ల తర్వాత అవే పాటల దగ్గరికి వచ్చిన మనిషి. ఆ రికార్డులో 'ఫ్రీజింగ్ మూన్' విని, నీ మూడు రూపాల పక్కన నాలుగోదిగా పెట్టు. బేస్ ఎక్కడెక్కడ వేరుగా నడిచిందో సెకన్లతో రాసి, పట్టికతో పాటు పంపు. మిగతా పేరాల సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య