రెపో తగ్గింది కదా అని ప్లాటు కొంటారా?

ప్రశ్న: 2021 చివర్లో 6.5 శాతానికి 50 లక్షల హోమ్ లోన్ తీసుకున్నాను, 20 ఏళ్లకు. 37 వేలున్న ఈఎంఐ 2023లో దాదాపు 45 వేలయింది. ఇప్పుడు 42 వేలకు దిగింది. రేట్లు ఇంకా తగ్గుతాయంటున్నారు. 8 లక్షల టాప్-అప్ (అదే హోమ్ లోన్ మీద అదనపు అప్పు), చాలకపోతే పర్సనల్ లోన్ తీసుకుని షాద్‌నగర్ వైపు ప్లాటు కొనాలని ఉంది. జీతం 92 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు, బ్యాంకులో 70 వేలున్నాయి.
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య చాలా వస్తున్నాయి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

మీరు లోన్ తీసుకున్నప్పుడు రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పు మీద ఆర్‌బీఐ తీసుకునే వడ్డీ, 4 శాతం. 2022 మే 4న, జూన్ సమావేశం దాకా కూడా ఆగకుండా, ఆర్‌బీఐ దాన్ని 4.4కి పెంచింది. 2023 ఫిబ్రవరికి ఆరుసార్లు పెంచి 6.5కి చేర్చింది. ముంబయిలో ఆరుగురు సభ్యుల కమిటీ తీసుకున్న నిర్ణయం అది. మీ జీతమెంతో, పిల్లల ఫీజులెంతో వాళ్లు చూడరు. వాళ్లు చూసేది ధరల పెరుగుదల. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ (రెపో వంటి రేటును బట్టి వడ్డీ మారే) హోమ్ లోన్ల వడ్డీ కనీసం మూడు నెలలకోసారి సవరించాల్సిందే కనుక ఆ నిర్ణయం నేరుగా మీ ఇంటికొచ్చింది. ఒక్క లెక్క చూడండి: రెపోతో పాటు 2.5 పెరిగితే మీ 6.5 శాతం 9 అవుతుంది; 50 లక్షల మీద 9 శాతానికి నెల వడ్డీయే 37,500. మీ పాత ఈఎంఐ వడ్డీకి కూడా చాలదు!

2025 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు రెపో 5.5కి తగ్గిన మాట నిజమే. ఇంకా తగ్గుతుందని ఇప్పుడే ప్లాటు కొనడం, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. పైగా ఆర్‌బీఐ చేతిలో ఉన్నది రెపో ఒక్కటే కాదు. 2023 నవంబరులో రెపోను కదపకుండానే, పర్సనల్ లోన్లకు బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనాన్ని పెంచింది. ఆ భారం చివరికి పడేది అప్పు తీసుకునేవాళ్ల మీదే. అసలు ప్లాటు కోసం పర్సనల్ లోనేమిటండీ?

నన్ను భయపెట్టింది మీ 70 వేలు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 77 వేలు. అంటే ఉద్యోగం పోతే మీకు ఒక్క నెల కూడా గడవదు. ఆరు నెలలకు 4.62 లక్షలు కావాలి. నెలకు మీకు మిగిలే 15 వేలూ అందులోకే వెళ్లాలి, సేవింగ్స్ ఖాతాలో కాకుండా విడిగా ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్). రెండేళ్లు దాటుతుంది, దాటనివ్వండి. బోనస్ వస్తే అదీ ఇందులోకే.

ఫిక్స్‌డ్ రేటుకు మారడానికి ఫీజు ఎంతో బ్యాంకునడిగి చూడండి. హోమ్ లోన్ ముందస్తు చెల్లింపు మాట ఆ 4.62 లక్షలు పోగయ్యాకే. ప్లాటు వాళ్లకు టోకెన్ ఇచ్చేసి ఉంటే మాత్రం, మిగతాది కట్టకముందే వెనక్కి అడగండి.