బల్ల కుంగితే పట్టాలు మార్చి లాభం లేదు

మోడల్ రైలు (బొమ్మ రైలు) నడపడానికి మీరు చేసుకున్నది ఎనిమిదడుగులు బై నాలుగడుగుల బల్ల, పైన 6 మి.మీ. ప్లైవుడ్, మూలకో కాలు. రైలు బల్ల మధ్యకి రాగానే పట్టాలు తప్పుతోందన్నారు. పట్టాల తప్పేం లేదండి. ఈ చివర నుంచి ఆ చివరికి ఒక దారం బిగించి చూడండి, మధ్యలో దారం కింద సందు కనిపిస్తుంది.

ప్లైవుడ్ మందం కన్నా కింద చట్రం ముఖ్యం. మూడంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న చెక్క పట్టీలను సన్నంచు పైకి వచ్చేలా నిలబెట్టి చుట్టూ బిగించండి. పడుకోబెడితే అవీ వంగుతాయి. లోపల 16 అంగుళాలకొకటి అడ్డపట్టీ వేసి, పైన 12 మి.మీ. ప్లై పరిస్తే చాలు. ప్లైని జిగురుతో అంటించకండి, స్క్రూలే వాడండి. ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సి వస్తుంది.

వైర్ల కోసం అడ్డపట్టీలకు బెజ్జాలు ముందే వేసుకోండి. నేను మర్చిపోయి, తర్వాత బల్ల కింద వెల్లకిలా పడుకుని డ్రిల్లు వేస్తే చెక్క పొట్టు అంతా కళ్లలో పడింది!

కాళ్లు మూలల్లో కాకుండా చివర నుంచి అడుగున్నర లోపలికి పెడితే మధ్యలో కుంగడం తగ్గుతుంది. కాళ్ల అడుగున బోల్టులుంటే రసమట్టం పెట్టి ఎత్తు సరిచేసుకోవచ్చు.

ప్లైకి రెండు వైపులా, అంచులకీ రంగు వేయండి, లేకపోతే తేమకి మళ్లీ వంకర పోతుంది.

అన్నట్టు, బల్లని గోడకి ఆనించారా? చేయి సుఖంగా అందేది ముప్పై అంగుళాలే. అవతలి వైపు రైలు పడితే తీయడం కష్టం.