నిర్మాల్యం దాకా పూజే

పాఠకుల సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే చోటికి చేరుతున్నాయి. పూజలో ఏం పెట్టాలో అందరికీ తెలుసు. పూజ అయ్యాక మిగిలినదాన్ని ఏం చేయాలన్నదే తేలడం లేదు. మన కర్మకాండలో దేవుణ్ణి పిలిచే ఆవాహన ఎంత ముఖ్యమో, సాగనంపే ఉద్వాసనా అంతే ముఖ్యం. తెచ్చుకున్నదాన్ని తెచ్చుకున్న చోటికి చేర్చకుండా వదిలేస్తే ఆ పూజ సగంలో ఆగిపోయినట్టే. కింది సమాధానాలన్నిటికీ ఆధారం ఇదే.

ప్రశ్న: పూజ చేసిన పూలు చెత్తబుట్టలో వేయకూడదని మా అత్తయ్యగారు అంటారు. అందుకని నెల రోజులవి కవర్లో దాచి, కాలువలో వదిలి వస్తున్నాం. అక్కడ తేలుతున్న కవర్లను చూస్తే మనసు ఒప్పడం లేదు. వేరే దారి ఉందా?

జవాబు: మీ అత్తయ్యగారి మాటలో న్యాయం ఉంది. నిర్మాల్యం, అంటే దేవుడికి పెట్టి తీసేసిన పూలు, కాళ్ల కింద పడకూడదు, అశుచి వస్తువులతో కలవకూడదు. అసలు నియమం అంతే. పారే నీళ్లలో వేయడం ఆ నియమాన్ని పాటించడానికి ఒక మార్గం మాత్రమే. నిండుగా పారే ఏటిలో నాలుగు పూలు వేస్తే ఏమీ కాదు. నీరు కదలని కాలువలో నెల రోజుల పూలు పడితే అవి కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి, చేపలకు ఊపిరాడదు. ఇక కవరు ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

ఇంట్లోనే ఎరువు చేస్తే నియమమూ నిలుస్తుంది. మూత ఉన్న ఇరవై లీటర్ల బకెట్ తీసుకోండి. అడుగున అయిదారు, పక్కల చుట్టూ పదిహేను దాకా చిటికెన వేలు పట్టే రంధ్రాలు పెట్టండి. అడుగున మూడు అంగుళాల మందాన ఎండుటాకులు, వాటిపైన గుప్పెడు పాత ఎరువో తోటమట్టో వేయండి. రోజూ పూలు వేశాక వాటికి రెట్టింపు ఎండుటాకులు కప్పండి. ఈ రెట్టింపు లెక్క బరువులో కాదు, చూపుకు కనిపించే పరిమాణంలో. నాలుగు రోజులకోసారి కర్రతో అడుగు దాకా తిరగేయండి. బకెట్ నిండాక ముట్టుకోకుండా ఉంచి, వారానికోసారి కలిపితే ఎనిమిది వారాలకు మట్టి వాసన వచ్చే నల్లటి పొడి అవుతుంది.

వేసే ముందు దండలు విప్పండి. నూలు దారమైతే ముక్కలు చేసి వేయొచ్చు. నైలాన్ దారం, జరీ, మెరుపు కాగితం, పిన్నులు తప్పకుండా తీసేయాలి. మామిడి తోరణాల ఆకులు దళసరిగా ఉంటాయి, చింపి వేయండి. కొబ్బరి పీచు, చిప్ప ఇందులో వేయకండి, ఏళ్లు పడుతుంది. నూనె వత్తులూ వద్దు. నైవేద్యం వేసేది అసలే కాదు, తినేది. చిటికెడు పసుపు, అగరుబత్తి బూడిద పడితే ఫరవాలేదు. కుంకుమార్చన చేసిన కుంకుమ మాత్రం దోసిళ్లకొద్దీ గుమ్మరించకండి. బజారు కుంకుమలో ఏ రంగు కలుస్తోందో చెప్పలేం. దాన్ని వేరే భరిణెలో ఉంచి నుదుట పెట్టుకోవడానికి వాడుకోండి.

కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని అర్థం. ఎండుటాకులు కలిపి తిరగేయండి. చీమలు పట్టాయంటే పొడిబారింది, కాసిన్ని నీళ్లు చిలకరించండి. గుప్పిట పట్టి పిండితే చెమ్మ తగలాలి, నీరు కారకూడదు. చిన్న ఈగలు ముసురుతుంటే పూలు పైకి కనిపిస్తున్నాయన్నమాట.

ఒక పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. నిర్మాల్యాన్ని నేరుగా తులసి మొదట్లో పోస్తారు. తడి పూలు కాండాన్ని అంటుకుని ఉంటే మొదలు కుళ్లి, నెల తిరగకుండా మొక్క పోతుంది. తులసికి తయారైన ఎరువు రెండు నెలలకోసారి పిడికెడు చాలు, అదీ కాండానికి రెండు వేళ్ల ఎడంగా. మిగిలింది మందార, నందివర్ధనం మొదళ్లలో వేస్తే అవి పూసేదీ మళ్లీ దేవుడికే.

ప్రశ్న: వినాయక చవితికి మట్టి ప్రతిమే తెస్తున్నాం. కానీ కిందటేడు బకెట్లో వేస్తే రెండు రోజులైనా కరగలేదు. అది మట్టి కాదా? ఇంట్లో నిమజ్జనం శాస్త్రసమ్మతమేనా? పిల్లలు ముచ్చటపడి తెచ్చిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ కూడా ఒకటి ఉంది, దాన్నేం చేయాలి?

జవాబు: సమ్మతమే. మట్టితో చేసి, ఆవాహన చేసి, ఉద్వాసన చెప్పాక ప్రతిమను నీటి ద్వారా తిరిగి మట్టిలో కలపడమే నిమజ్జనం. దానికి చెరువే కావాలని లేదు. ‘నీలో నేను తవ్వినది త్వరగా మళ్లీ మొలకెత్తుగాక, నీ మర్మాన్ని నేను నొప్పించకుందునుగాక’ అని అధర్వణ వేదంలోని భూమిసూక్తం అంటుంది. తీసుకున్న మట్టి మళ్లీ మొక్క మోయగలిగేలా తిరిగి వెళ్లాలి.

కరగకపోవడానికి కారణాలు రెండు మూడు ఉంటాయి. ప్రతిమ లోపల ఇంకా పచ్చిగా ఉంటే కరగదు. చాలామందికి ఇది వింతగా తోస్తుంది కానీ, బాగా ఎండిన బంకమట్టే నీటిని గబగబా పీల్చుకుని పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పచ్చిది అలాగే ముద్దగా ఉండిపోతుంది. కాబట్టి ఉద్వాసన అయ్యాక నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి అప్పుడు నీళ్లలో ఉంచండి. జానెడు ప్రతిమ అయితే సాధారణంగా ఒక్క పూట చాలు. పైన ఎనామిల్ రంగు పూసినా నీరు లోపలికి దిగదు. కాల్చిన మట్టి అయితే ఎన్నాళ్లున్నా కరగదు, దాన్ని దాచుకుని ఏటా పూజించడమే మేలు.

నీళ్లలో ఉంచే ముందు పత్రి, గొడుగు, యజ్ఞోపవీతం, అంటించిన కళ్లు తీసేయండి. కరిగాక ఒక రోజు కదపకుండా ఉంచితే మట్టి అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మొక్కలకు పోయండి. అడుగు మట్టిని అలాగే కుండీలో నింపకండి, బంకమట్టి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. నాలుగు పాళ్ల తోటమట్టికి ఒక పాలు కలపండి. లేదా ఉండ చేసి ఆరబెట్టి దాచుకుంటే వచ్చే ఏటి ప్రతిమకు అదే మట్టి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సంగతి వేరు. నీటితో కలిసి గట్టిపడ్డాక అది జిప్సం అవుతుంది, మామూలు నీళ్లలో నెలల తరబడి కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు వీటిని వద్దనే అంటున్నాయి. ఇంట్లో ఉన్నదానికి పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపిన దారి ఒకటుంది. ప్రతిమను తూచి, దాదాపు అంతే బరువు అమ్మోనియం బైకార్బొనేట్ తీసుకోండి. ప్రతిమ మునిగేటన్ని నీళ్లలో దాన్ని కలిపి, ఆ నీళ్లలో ప్రతిమను ఉంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు కర్రతో కలుపుతుంటే రెండు మూడు రోజుల్లో విచ్చిపోతుంది. ఘాటైన వాయువు వస్తుంది కనుక గదిలో చేయకండి, పెరట్లోనో బాల్కనీలోనో చేయండి, బకెట్‌కు బిగుతుగా మూత పెట్టకండి. అడుగున మిగిలేది సుద్ద. పైన ఉండేది అమ్మోనియం సల్ఫేట్ నీరు. అది ఎరువే, కానీ అలాగే పోస్తే మొక్క మాడిపోతుంది. ఒక చెంబుకు కనీసం ఇరవై చెంబుల మంచినీళ్లు కలపాలి. రంగుల అవశేషాలు ఉంటాయి గనుక కూరగాయ మొక్కలకు వద్దు. అమ్మోనియం బైకార్బొనేట్ బదులు వంటసోడా వాడకండి. అప్పుడు మిగిలే సోడియం సల్ఫేట్ మట్టిని ఉప్పగా మార్చేస్తుంది.

పత్రి గురించి కూడా చెప్పాలి. ఇరవై ఒక్క రకాలూ దొరకలేదని మొక్కలు వేర్లతో సహా పీకకండి. ఒక్కో రకానికి రెండు మూడు ఆకులు చాలు. దేవదారు లాంటివి దొరక్కపోతే అక్షతలు సమర్పించవచ్చు, పూజావిధానంలోనే ఆ వెసులుబాటు ఉంది. పూజయ్యాక ఆ పత్రిని ఆవులకు మాత్రం పెట్టకండి. అందులో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఉంటాయి. గన్నేరు ఆకులు కొద్దిగా తిన్నా పశువు ప్రాణం పోతుంది. గోసేవ అనుకుని చేసేది గోహత్య అవుతుంది. మొత్తం ఎరువు బకెట్లో వేసి చేతులు కడుక్కోండి.

ప్రశ్న: సోమవారం శివాభిషేకానికి లీటరు పాలు వాడుతున్నాం. తగ్గిస్తే దోషమా?

జవాబు: కాదు. భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో శ్రీకృష్ణస్వామి అడిగింది ఆకు, పువ్వు, పండు, నీరు, వాటితోపాటు భక్తి. పరిమాణం అడగలేదు. ఇంట్లోని చిన్న లింగానికి పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార ఒక్కో ఉద్ధరిణి చొప్పున చాలు. కింద పళ్లెం పెట్టి పట్టి అందరూ తీర్థంగా తీసుకోండి. మిగతా ధార అంతా నీటితో చేయండి. శివుడు అభిషేకప్రియుడు, నీటిధార ఆయనకు లోటు కాదు. పాలు మోరీలో కలిస్తే అవి కుళ్లడానికి పట్టే ప్రాణవాయువు అంతే పరిమాణం ఇంటి మురుగుకు పట్టేదానికి వందల రెట్లు. మిగిలిన పాలు ఆ రోజే ఎవరికైనా తాగడానికి ఇవ్వండి.

ప్రశ్న: 2027లో గోదావరి పుష్కరాలు. స్నానం చేసిన బట్టలు అక్కడే వదిలేయాలంటారు. నిజమేనా?

జవాబు: అది ఒకరిని చూసి ఒకరు చేస్తున్న పని. తైత్తిరీయ ఆరణ్యకం నీటి విషయంలో చెప్పింది ఇందుకు పూర్తిగా భిన్నం. నీళ్లలో మలమూత్రాలు విడవవద్దు, ఉమ్మి వేయవద్దు అని సూటిగా శాసించింది. వదిలిన చీర నీటి అడుగున చుట్టుకుని మెట్ల దగ్గర స్నానం చేసేవాళ్ల కాళ్లకు తగులుకుంటుంది. పాలియెస్టర్ అయితే నదిలో అలాగే ఉండిపోతుంది. వస్త్రదానం చేయాలనుకుంటే ఉతికిన పొడి బట్ట మనిషి చేతికి ఇవ్వండి, అది దానం.

సబ్బు, షాంపూ ఇంటి దగ్గరే కానిచ్చి వెళ్లండి. నదిలో సంకల్పం, మూడు మునకలు, అర్ఘ్యం. దీపం వదలాలంటే ఆకు దొన్నె, పిండి ప్రమిద, నూలు వత్తి. థర్మోకోల్ గిన్నె వద్దు. వెళ్లలేనివారు బాధపడనక్కరలేదు. ‘గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి’ అని రోజూ బకెట్ నీటిలోకే ఏడు నదులను ఆహ్వానిస్తున్నాం కదా. ఆ శ్లోకం చదివి స్నానం చేసేవారు ఆ నీటిని తీర్థంలా చూడాలి. తీర్థాన్ని ఎవరూ కుళాయి తిప్పి వదిలేయరు. షవర్ కింద అయిదు నిమిషాలు నిలబడితే నలభై, యాభై లీటర్లు పోతాయి. ఒక బకెట్ ఇరవై లీటర్లే.

ప్రశ్న: భూతయజ్ఞంగా మా మేడ మీద రోజూ పావురాలకు రెండు కిలోల జొన్నలు చల్లుతున్నాను. పక్కింటివారు అభ్యంతరం చెబుతున్నారు.

జవాబు: వారి మాట వినండి. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం అంటే మన కోసం వండుకున్నదాంట్లోంచి ఒక ముద్ద తీసి మిగతా ప్రాణులకు పెట్టడం. బస్తాలతో ఒక్క జాతినే పోషించడం కాదు. తిండి కుప్పగా దొరికితే పావురాలు అక్కడే విపరీతంగా పెరుగుతాయి. ఎండిన రెట్టల ధూళి పీల్చి ఊపిరితిత్తుల జబ్బులు తెచ్చుకున్నవాళ్లున్నారు. ఒక్కసారిగా ఆపకుండా వారానికి కొంత చొప్పున తగ్గిస్తూ రండి. తర్వాత ఉప్పు, నూనె తగలని అన్నం గుప్పెడు పెట్టండి. రెండంగుళాల లోతు మట్టి మూకుడులో నీళ్లు పోసి మధ్యలో ఒక రాయి ఉంచండి, పిట్ట నిలబడటానికి. ఆ నీళ్లు రోజూ పారబోసి మూకుడు రుద్దాలి. వారం వదిలేస్తే అందులో దోమలు పుడతాయి. ముగ్గులో సున్నపు పొడి బదులు బియ్యప్పిండి వాడితే చీమలకూ అందుతుంది.

ప్రశ్న: శ్రావణమాసంలో వాయనంతో పాటు ప్లాస్టిక్ డబ్బాలు ఇవ్వడం అందరూ మొదలుపెట్టారు. మేం ఇవ్వకపోతే బాగుండదేమో?

జవాబు: ‘త్యాగంతో అనుభవించు, ఇతరుల సొమ్ముకు ఆశపడకు’ అని ఈశావాస్య ఉపనిషత్తు మొదటి మంత్రం చెబుతోంది. ఇచ్చేవారికి పోటీ, పుచ్చుకునేవారికి అటక నిండడం తప్ప ఆ డబ్బాల వల్ల వ్రతానికి ఒరిగేది లేదు. నానిన శనగలు, తాంబూలం, పండు, పసుపు కుంకుమ, రవికె గుడ్డ. ఇంతే వాయనం. మనిషికి యాభై గ్రాముల శనగలు నానబోస్తే దాదాపు రెట్టింపు బరువు తూగుతాయి. ఎనిమిది గంటలు నానాక నీళ్లు ఓడ్చి, బట్ట మీద అరగంట ఆరనిచ్చి ఆకులో కట్టివ్వండి. తడిగా కవర్లో కడితే సాయంత్రానికి జిగురు పట్టి పారేయాల్సి వస్తుంది. రవికె గుడ్డ అయితే మీటరు నూలుది ఇవ్వండి, కుట్టించుకుంటారు. పల్చటి పాలియెస్టర్ ముక్కలు ఎవరూ కుట్టించుకోక ఇంటింటికీ తిరుగుతూనే ఉంటాయి.

ప్రశ్న: దీపం పొగ చిమ్ముతూ గోడ నల్లబడుతోంది. నూనె మార్చాలా?

జవాబు: ముందు వత్తి చూడండి. కొస గోరంత కంటే ఎక్కువ బయటికి ఉంటే నూనె పూర్తిగా మండక మసి అవుతుంది. కొస కత్తిరించి, కుంది కడిగాక తడి లేకుండా తుడిచి, ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టండి. అడుగున మిగిలిన నూనెను సింకులో పోయకండి, గొట్టంలో జిడ్డు పేరుకుంటుంది. దూదితో ఒత్తి తీసి, మర్నాడు అదే వత్తిగా వెలిగించండి. ఇత్తడి కుందిని చింతపండు, ఉప్పుతో తోమిన నీళ్లలో రాగి, ఉప్పు దిగుతాయి. అవి తులసి కోటలో పోయకండి.