ఇన్ని జాతీయ కార్మిక సంఘాలు ఎందుకున్నాయి? మనం కట్టే చందా ఎక్కడిదాకా పోతుంది?

మీ సిమెంట్ ఫ్యాక్టరీ గేటు ముందు మూడు జెండాలు ఉన్నాయని, మూడూ "జాతీయ సంఘమే" అంటున్నాయని, తేడా ఏమిటని అడిగారు. నేను సింగరేణిలో ముప్పై అయిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో కొన్నేళ్లు బాయి (బొగ్గు గని) మీద ఏఐటీయూసీ (ఆల్ ఇండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) అసిస్టెంట్ పిట్ సెక్రటరీగా తిరిగాను. నా మాటల్లో కాస్త ఆ మొగ్గు కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందు చందా సంగతి. ఏఐటీయూసీలో గానీ ఐఎన్‌టీయూసీ (ఇండియన్ నేషనల్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్)లో గానీ కార్మికుడు నేరుగా సభ్యుడు కాడు. నేను చేరింది సింగరేణి కాలరీస్ వర్కర్స్ యూనియన్‌లో. ఆ యూనియన్‌కు ఏఐటీయూసీలో అనుబంధం ఉంది. దేశంలోని ఏఐటీయూసీ గని యూనియన్లను కలుపుతూ ఇండియన్ మైన్ వర్కర్స్ ఫెడరేషన్ అని మధ్యలో ఇంకొకటి ఉంటుంది. చందాలో ఎక్కువ భాగం కింది యూనియన్ ఖర్చులకే పోతుంది, కొంత అనుబంధ రుసుముగా పైకి వెళ్తుంది. కాబట్టి జెండా రంగు కన్నా ముందు మీ ఫ్యాక్టరీలో ఉన్న యూనియన్ రిజిస్టర్డ్ పేరు ఏమిటో, దాని నియమావళి ఎలా ఉందో చూడండి.

ఇక పుట్టుక. మొదట ఉన్నది ఒక్కటే. 1920 అక్టోబర్ 31న బొంబాయిలో ఏఐటీయూసీ పుట్టింది, తొలి అధ్యక్షుడు లాలా లజపతిరాయ్. దానికి తక్షణ కారణం చాలామందికి తెలియదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. దాని సభలకు భారత కార్మికుల తరఫున ఎవరు వెళ్లాలో బ్రిటిష్ ప్రభుత్వమే నిర్ణయించేసింది. మా ప్రతినిధిని మేమే పంపుకుంటాం అనాలంటే దేశమంతటికీ ఒక సంఘం ఉండాలి కదా! మరుసటి ఏడాది రెండో మహాసభ ఝరియా బొగ్గు గనుల్లో జరిగింది. గని యజమానులు ఒప్పుకోకపోయినా వేలమంది వచ్చారని మా పాత నాయకులు బాయి మీద గేట్ మీటింగ్‌లో ప్రతిసారీ చెప్పేవారు. మేం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

మన వి.వి.గిరి 1926లో ఒకసారి, 1942లో ఒకసారి దీనికి అధ్యక్షుడయ్యారు. రాష్ట్రపతి అయ్యాక ఆ సంగతి ఎవరూ గుర్తుచేసుకోలేదు. మధ్యలో జవాహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ కూడా అధ్యక్షులుగా ఉన్నారు. నెహ్రూ అధ్యక్షతన 1929లో నాగపూర్‌లో జరిగిన మహాసభలోనే మొదటి చీలిక వచ్చింది. కార్మికుల స్థితిగతుల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా వద్దా అన్నది అక్కడ పెద్ద గొడవ. బహిష్కరణ వద్దన్న ఎన్.ఎం.జోషి, గిరి వర్గం బయటికి వెళ్లి వేరే ఫెడరేషన్ పెట్టుకుంది. వీళ్లంతా మళ్లీ కలిసేసరికి 1940 వచ్చింది.

ఆ తర్వాతి చీలికలు మాత్రం అతకలేదు. 1947 మేలో కాంగ్రెస్ వాళ్లు ఐఎన్‌టీయూసీ పెట్టారు. 1948లో సోషలిస్టుల హెచ్‌ఎంఎస్ (హింద్ మజ్దూర్ సభ) వచ్చింది. 1955లో భోపాల్‌లో ఆర్‌ఎస్‌ఎస్ నాయకుడు దత్తోపంత్ ఠేంగ్డీ బీఎంఎస్ (భారతీయ మజ్దూర్ సంఘ్) స్థాపించారు. కమ్యూనిస్టు పార్టీ 1964లోనే చీలినా ఏఐటీయూసీ ఇంకో ఆరేళ్లు ఒక్కటిగానే ఉండి, 1970లో సీపీఎం వైపు వాళ్ల సీఐటీయూ (సెంటర్ ఆఫ్ ఇండియన్ ట్రేడ్ యూనియన్స్) విడిపోయింది. ఇందులో ఒక్కటైనా గనిలోనో మిల్లులోనో వచ్చిన తగాదా కాదని గమనించండి. పార్టీలో పగులు వస్తే మా పిట్ ఆఫీసుకు ఇంకో బోర్డు వేలాడేది.

సంఖ్యల మీద మాత్రం నాకు మొదటినుంచీ అనుమానమే. నేను చేరిన కొత్తలో బాపు (మా నాన్న) తోడుండి ఒక యూనియన్ రసీదు రాయించాడు. ఆ వారంలోనే గనిలో మా పని చూసే ఓవర్‌మన్ మొహమాటపెట్టి ఇంకో యూనియన్ రసీదు చేతిలో పెట్టాడు. ఇద్దరినీ కాదనలేక రెండూ తీసుకున్నాను. రెండు పుస్తకాల్లోనూ నేను సభ్యుణ్ణే! ఇలాంటివాళ్లు ఎంతమందో. అందుకే కేంద్ర కార్మిక శాఖ అప్పుడప్పుడు సభ్యత్వాన్ని సరిచూస్తుంది. 2002 నాటి లెక్క ప్రకారం బీఎంఎస్‌కు సుమారు 62 లక్షలు, ఐఎన్‌టీయూసీకి 39 లక్షలు, ఏఐటీయూసీకి 34 లక్షలు, హెచ్‌ఎంఎస్‌కు 33 లక్షలు. గేటు దగ్గర ఎవరైనా ఇంతకన్నా ఎన్నో రెట్లు చెబితే నవ్వి ఊరుకోండి.

సింగరేణిలో ఈ రసీదుల గోల 1998లో తగ్గింది. రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం) ఎన్నికలు పెట్టారు. ఆ మొదటి ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. 2012, 2017ల్లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం, 2023 డిసెంబర్‌లో మళ్లీ ఏఐటీయూసీ. అప్పటికి నేను రిటైరయ్యాను, మా అబ్బాయి ఓటేశాడు. ఎవరికో ఇంట్లో చెప్పలేదు.

జాతీయ సంఘం అవసరం నాకు నిజంగా అర్థమైంది వేతన ఒప్పందం దగ్గర. బొగ్గు కార్మికుల జీతాలను సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలో తేల్చరు. కోల్ ఇండియా, సింగరేణి రెండింటికీ కలిపి జేబీసీసీఐ అనే ఉమ్మడి కమిటీ ఉంది, మేం దాన్ని వేజ్ బోర్డు అనే పిలుస్తాం. అందులో కూర్చునేది జాతీయ సంఘాలే. 2023లో 19 శాతం పెంపుతో 11వ ఒప్పందం కుదిరినప్పుడు మా దగ్గర గుర్తింపు సంఘం ప్రాంతీయ సంఘమైన తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘమే అయినా, దానికి ఆ చర్చల్లో కుర్చీ లేదు. క్వార్టర్లు, ట్రాన్స్‌ఫర్లు, డిపెండెంట్ ఉద్యోగాలు వాళ్లు మాట్లాడారు, బేసిక్ జీతం సంగతి వేరేవాళ్లు మాట్లాడారు. పెద్ద పేరున్న ఐఎన్‌టీయూసీ కూడా అంతకుముందు లోపలి వర్గాల తగాదా కోర్టుకెక్కి ఆ కమిటీకి దూరమైంది. జాతీయ సంఘమైతే చాలదు, దాని ఇల్లు కూడా చక్కగా ఉండాలన్నమాట.

మీది ప్రైవేటు ఫ్యాక్టరీ అంటున్నారు. ఒప్పందం మీ యాజమాన్యంతోనే అయితే, గేటు దగ్గర ముగ్గురినీ ఒకటే అడగండి: పోయినసారి ఒప్పందం మీద సంతకం పెట్టింది ఎవరు, ఆ కాగితం కాపీ ఇస్తారా? మా బాయిలో ఈ ప్రశ్న అడిగితే ఒకాయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు, ఇంకొకాయన మర్నాడే జిరాక్స్ తెచ్చిచ్చాడు. నేను రెండో ఆయన యూనియన్‌లోనే ఉండిపోయాను.